డాక్టర్‌గారు ఆధార్ కార్డు ఎందుకు అడిగారు?

"ఆధార్ కార్డు ఉందాండీ?" అని డాక్టర్‌గారు అడగ్గానే చిన్నమావయ్య జేబులోంచి తీసి ఇచ్చేశాడు. ఆరోగ్యశ్రీ కోసం అనుకున్నాడు పాపం. "రేషన్ కార్డు కూడా తెచ్చామండి, ఆయ్" అన్నాడు.

ఆవిడ రేషన్ కార్డు వైపు చూడలేదు. ఆధార్ మీదున్న ఫొటో చూశారు. ఎదురుగా కూర్చున్న మనిషిని చూశారు. మళ్ళీ ఫొటో చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "నీ ఫోన్లో ఈయన పాత ఫొటోలు ఏమన్నా ఉన్నాయామ్మా? ఎంత పాతవైతే అంత మంచిది" అన్నారు.

ఇది 2022లో, విశాఖపట్నంలో జరిగింది. మేం వెళ్ళింది గుండె గురించి. ఆవిడేమో హార్మోన్ల డాక్టరు. 44 ఏళ్ళకే మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగడం లేదని, ఒక్కసారి హార్మోన్ల వాళ్ళకి చూపించమని కాకినాడలో ఒక గుండె డాక్టర్ చీటీ రాశారు. అదేదో ఫార్మాలిటీ అనుకుని వెళ్ళాం. లోపలికి వెళ్ళగానే మావయ్య చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అరచెయ్యి మెత్తగా, మందంగా, చెమటతో తడిగా ఉంది. ఏసీ గదిలో.

ఫోన్లో వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాను. 2021, 2019, 2016, 2013. అక్క పెళ్ళిలో తీసిన ఒక ఫొటో దగ్గర నా వేలు ఆగిపోయింది. అందులో పందిరి గుంజ పట్టుకుని నవ్వుతున్న సన్నటి మనిషి మా చిన్నమావయ్యే. కానీ ముక్కు ఇంత వెడల్పు లేదు. కనుబొమల దగ్గర ఎముక ఇలా ముందుకు రాలేదు. కింది దవడ ఇలా సాగలేదు. పళ్ళ మధ్య సందులు లేవు. పదేళ్ళలో మనిషి ముఖం మారిపోతే, రోజూ చూసే మేమెవ్వరం గమనించలేదు. ఆ మార్పు రోజుకింత చొప్పున వచ్చింది మరి.

ఆవిడ ఒక పేరు చెప్పారు. అక్రోమెగాలీ. 1886లో పియర్ మారీ అనే ఫ్రెంచ్ డాక్టర్ పెట్టిన పేరు. చేతులు, కాళ్ళ లాంటి చివరి భాగాలు పెద్దవి కావడం అని అర్థం. పేరు అలా పెట్టడంతో అందరి చూపూ చేతులు, కాళ్ళ మీదకే పోతుంది. అసలు ప్రమాదం మాత్రం ఛాతీలో ఉంటుంది.

అన్ని నేరాలూ ఉప్పుచేప మీదకే

మావయ్యది కడియం. నర్సరీ పని. ఆ చుట్టుపక్కల అంట్లు కట్టడంలో ఆయనకి పేరుంది. మామిడైనా గులాబీ అయినా, కత్తితో ఒక్క గీత గీసి, కొమ్మ దూర్చి, ప్లాస్టిక్ రిబ్బన్ చుట్టి ముడేసేదాకా చేతులు ఆగేవి కావు. రోజుకి వందల అంట్లు కట్టేవాడు. అలాంటి మనిషి 2018 నుంచి అంట్లు కట్టడం తగ్గించేశాడు. వేళ్ళు లావయ్యాయి, కత్తి పట్టు దొరకట్లేదు, రాత్రిళ్ళు చేతులు తిమ్మిరెక్కుతున్నాయి అనేవాడు. కుర్రాళ్ళని పెట్టుకుని, తను పక్కన నిలబడి చెప్పడం మొదలెట్టాడు. "ఓనరయ్యాక ఇంకా చేతులతో చేస్తాడేంటి" అని మేమూ జోకులేశాం.

అంతకు ముందే పెళ్ళినాటి ఉంగరం వేలికి బిగుసుకుపోతే, రాజమండ్రిలో కంసాలి దగ్గర కోయించి తీయించారు. చెప్పులు ఎనిమిదో నంబరు నుంచి పదికి వెళ్ళాయి. "మనిషి పుష్టిగా అయ్యాడు, నాలుగు డబ్బులొచ్చాయి" అంది అమ్మమ్మ, దిష్టి కూడా తీసింది. గురక సంగతి చెప్పనక్కర్లేదు, వీధి చివరికి వినిపించేది. అయితే గురక ఆగిపోయినప్పుడే తనకి భయమేసేదని అత్తయ్య తర్వాత చెప్పింది. ఊపిరి ఆగినప్పుడల్లా చీకట్లో లేచి కూర్చుని అంకెలు లెక్కపెట్టేదట. ఇరవై దాటితే భుజం పట్టి కుదిపేదట.

బీపీ వచ్చినప్పుడు ఉప్పుచేపని తిట్టాం. షుగర్ వచ్చినప్పుడు ఆత్రేయపురం పూతరేకుల్ని తిట్టాం. గురకకి పొట్ట, తిమ్మిర్లకి బలహీనత, తలనొప్పికి ఎండ. ప్రతి రోగానికీ ఇంట్లో విడిగా ఒక ముద్దాయి ఉన్నాడు. ప్రతి ముద్దాయికీ విడిగా ఒక డాక్టరు. వీళ్ళందరి వెనకా ఒక్కడే ఉన్నాడని ఎవరికీ తట్టలేదు.

2021 కార్తీక మాసంలో అన్నవరం వెళ్ళాం. మెట్ల దారిలో సగం ఎక్కేసరికి మావయ్య కూలబడ్డాడు. ఊపిరి అందలేదు, పెదాలు నల్లబడ్డాయి. మర్నాడే ఒక ఆస్పత్రిలో ఎకో తీశారు. ఎడమ జఠరిక గోడ 15 మిల్లీమీటర్ల మందం ఉందన్నారు. మామూలుగా పది, పదకొండు దాటకూడదు. "బీపీ వల్ల గుండె కండ మందమైంది, ఉప్పు మానేయండి" అని రాసిచ్చారు. అది అబద్ధం కాదు, అలాగని మొత్తం నిజమూ కాదు.

బటానీ గింజంత గ్రంథి

మెదడు అడుగున, ముక్కు వెనకాల, బటానీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. గ్రోత్ హార్మోన్ అక్కడే తయారవుతుంది. అది రక్తంలో కలిసి కాలేయానికి వెళ్తే, అక్కడ ఐజీఎఫ్-1 అనే ఇంకో పదార్థం పుడుతుంది. పెరుగు అని ఒంటికి చెప్పే పనిలో ఎక్కువ భాగం దీనిదే. పిట్యూటరీలో చిన్న గడ్డ పుడితే ఈ ఆజ్ఞ ఆగదు. ఆ గడ్డ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. కానీ పగలూ రాత్రీ తేడా లేకుండా హార్మోన్ వదులుతూనే ఉంటుంది.

చిన్నతనంలో, ఎముకల చివర్లు ఇంకా మూసుకోకముందే ఇలా జరిగితే మనిషి విపరీతమైన పొడుగవుతాడు. రెజ్లింగ్ చూసేవాళ్ళకి ఆండ్రే ద జెయింట్ పేరు తెలిసే ఉంటుంది. పెద్దయ్యాక వస్తే పొడుగు పెరిగే వీలు లేదు కాబట్టి ఎముక మందమవుతుంది, చర్మం దళసరి అవుతుంది, నాలుక పెద్దదవుతుంది. గుండె కూడా. మా మావయ్య ఎత్తు ఒక్క అంగుళం కూడా మారలేదు. ఎవరికీ అనుమానం రాకపోవడానికి అదీ ఒక కారణమే.

గుండె కండలో ఈ హార్మోన్ల మాట నేరుగా వినే గ్రాహకాలు ఉంటాయి. అందుకే బీపీ లేనివాళ్ళలో కూడా అక్రోమెగాలీ గుండెని మందం చేస్తుంది. మొదట్లో గుండె మరింత జోరుగా కొట్టుకుంటుంది, రక్తం ఎక్కువ తోస్తుంది. ఆ దశలో మనిషికి ఏ బాధా తెలియకపోవచ్చు. తర్వాత రెండు జఠరికల గోడలూ మందమవుతాయి. కండ పోగుల మధ్య పీచులాంటి గట్టి పదార్థం చేరుతుంది.

మందం అంటే బలమే కదా అని నేనూ అనుకున్నాను. కాదు. గుండెకి పిండడం ఎంత ముఖ్యమో, వదులై నిండడమూ అంతే ముఖ్యం. కొత్త రబ్బరు బంతిని నొక్కి వదిలితే నీళ్ళు పీల్చుకుంటుంది. లారీ టైరు ముక్కని నొక్కితే అది లొంగనే లొంగదు. గోడ బిరుసెక్కిన గుండె సరిగా నిండదు. కూర్చున్నప్పుడు ఫరవాలేదు, మెట్లెక్కినప్పుడు తేలిపోతుంది. అన్నవరంలో జరిగింది అదే. పైగా లావైన కండకి ఇంధనమూ ఎక్కువ కావాలి. (కండరాల ఇంధనం గుట్టు విప్పినవాళ్ళలో మన భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద 1920ల్లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. ఆ సంగతి ఈ గొడవలో చదువుతుంటే తెలిసింది.)

అప్పటికీ పట్టుకోకపోతే మూడో దశ వస్తుంది. గుండె సాగిపోయి, తోసే శక్తి పోతుంది. కాళ్ళ వాపులు, పడుకుంటే ఆయాసం. ఇక్కడిదాకా వచ్చాక వెనక్కి తిరగడం చాలా కష్టం.

గట్టు మీద ఒత్తిడి

మరి బీపీ ఎక్కడి నుంచి వచ్చింది? ఉప్పుచేప పాత్ర కొంత ఉంటే ఉండొచ్చు. కానీ గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే మూత్రపిండాలు ఉప్పునీ దాంతో పాటు నీటినీ బయటికి పోనివ్వవు. ధవళేశ్వరం దగ్గర కాలవకి పట్టేదాని కన్నా ఎక్కువ నీళ్ళు వదిలితే, కింద లాకు దగ్గర గట్టు మీద ఒత్తిడి పెరగదూ? ఇక్కడ గట్టు మీద పడే బరువు కూడా రెండు రకాలు. నీరు పెరుగుతుంది, రక్తనాళాల గోడలు కూడా బిరుసెక్కి, సాగే గుణం పోగొట్టుకుంటాయి. అక్రోమెగాలీ ఉన్నవాళ్ళలో సుమారు ముగ్గురిలో ఒకరికి బీపీ ఉంటుంది.

గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కి అడ్డం పడుతుంది కాబట్టి షుగర్ వస్తుంది. బీపీ, షుగర్ కలిస్తే గుండె రక్తనాళాలకి ఏమవుతుందో మన ఇళ్ళలో చెప్పక్కర్లేదు. నాలుక, గొంతు కండ పెరిగి రాత్రిళ్ళు ఊపిరి ఆగుతుంది. ఆగినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, బీపీ ఎగిరిపడుతుంది. అత్తయ్య చీకట్లో అంకెలు లెక్కపెడుతున్న ప్రతిసారీ ఆయన గుండె మీద ఒక దెబ్బ పడుతోందన్నమాట. గురకని నవ్వులాటగా తీసుకున్నందుకు నాకు ఇప్పటికీ మనసు పీకుతుంది.

గుండె కవాటాలూ ఈ పట్టులో ఉంటాయి. మైట్రల్, అయోర్టిక్ కవాటాలు దళసరెక్కి, సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. కండలో పేరుకున్న పీచు వల్ల గుండె లయ తప్పడమూ ఉంది. వైద్యం సరిగా లేని రోజుల లెక్కల ప్రకారం, ఈ జబ్బుతో పోయినవాళ్ళలో దాదాపు 60 శాతం మంది గుండె, రక్తనాళాల సమస్యలతోనే పోయారు. ఆండ్రే ద జెయింట్ 1993 జనవరిలో పారిస్‌లో ఒక హోటల్ గదిలో నిద్రలోనే చనిపోయాడు. గుండె వైఫల్యం. వయసు 46. అదే జబ్బు ఉన్న మన ఖలీ 2012లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పిట్యూటరీ గడ్డ తీయించుకున్నాడు.

ఇది అరుదైన జబ్బే. ప్రపంచంలో వేర్వేరు చోట్ల తీసిన లెక్కల్లో పది లక్షల మందికి సుమారు 30 నుంచి 140 మంది దాకా కనిపించారు. నేను ఊరికే ఒక లెక్క వేసుకున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు కలిపి 90 లక్షల పైచిలుకు. పది లక్షలకి 60 మంది అనుకున్నా, మన రెండు జిల్లాల్లో ఐదు వందల మందికి పైగా ఉండాలి. వాళ్ళలో ఎంతమంది ఇప్పుడు బీపీ మాత్ర వేసుకుని, ఉప్పుచేపని తిట్టుకుంటూ కూర్చున్నారో! మొదటి లక్షణం నుంచి జబ్బు పేరు తెలిసేదాకా సగటున ఐదు నుంచి పదేళ్ళు పడుతుందంటారు. ఉంగరం కోయించిన దగ్గర్నుంచి లెక్కేస్తే, మాకూ ఐదేళ్ళు పట్టింది.

పంచదార నీళ్ళు, ముక్కులోంచి ఆపరేషన్

పరీక్ష ఇంత సులువా అనిపించింది. ముందు ఐజీఎఫ్-1 రక్తపరీక్ష. గ్రోత్ హార్మోన్ రోజంతా హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి దాన్ని ఎప్పుడో ఒకప్పుడు కొలిస్తే ఏమీ తేలదు, ఐజీఎఫ్-1 నిలకడగా ఉంటుంది. తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల పాటు కాసేపటికోసారి రక్తం తీశారు. మామూలు మనిషిలో గ్లూకోజ్ పడగానే గ్రోత్ హార్మోన్ అణిగిపోతుంది. మావయ్యకి అణగలేదు. ఆ తర్వాత ఎంఆర్ఐ. గడ్డ 14 మిల్లీమీటర్లు.

"పదేళ్ళ నుంచి నా తలకాయలో ఇది కాపురముంటే, ఒక్క నాడూ అద్దె ఇవ్వలేదమ్మాయ్" అన్నాడు మావయ్య. ఆయన అలాగే మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆపరేషన్ హైదరాబాద్‌లో, 2023 మొదట్లో. పుర్రె తెరవరు, ముక్కులోంచి వెళ్తారు. మాకు సర్జన్ కన్నా మత్తు డాక్టరే ఎక్కువ భయపెట్టారు. పెద్ద నాలుక, మందమైన గొంతు, బిరుసెక్కిన గుండె. ఊపిరి గొట్టం వెయ్యడమే కష్టం కావచ్చని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. అన్నీ బాగానే జరిగాయి. సెంటీమీటరు లోపు గడ్డలైతే, అనుభవమున్న చేతుల్లో నూటికి ఎనభై మందికి పైగా ఆపరేషన్‌తోనే హార్మోన్ మామూలుకొస్తుంది. అంతకన్నా పెద్దవైతే సగం మందికే. మావయ్య రెండో సగంలో పడ్డాడు. గడ్డలో కొంచెం ముక్క, తియ్యడానికి వీల్లేని చోట మిగిలింది. అందుకే నెలకో ఇంజెక్షన్. ఖరీదైనదే. దాని కోసం ఒక ఎకరం కౌలుకిచ్చారు.

కానీ ఆపరేషనయిన మూడో రోజున అత్తయ్య నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఏమైందోనని కంగారు పడ్డాను. "రాత్రి గురక తగ్గిందే. నేను నిద్రపోయాను" అంది.

ఏడాది తర్వాత ఎకోలో గోడ మందం 15 నుంచి 13కి వచ్చింది. బీపీ మాత్రలు మూడు నుంచి ఒకటయ్యాయి. షుగర్ మాత్ర సగమైంది. హార్మోన్ అదుపులోకి వస్తే గుండె కండ కొంత వెనక్కి తగ్గుతుంది. వయసు తక్కువగా ఉండి, జబ్బు ఎన్నాళ్ళో ముదరకుండా పట్టుబడితే ఇంకా బాగా తగ్గుతుంది. హార్మోన్ పూర్తిగా అదుపులో ఉన్నవాళ్ళ ఆయుష్షు మిగతావాళ్ళతో దాదాపు సమానమే అంటున్నాయి ఇటీవలి లెక్కలు. కవాటం మాత్రం అలా వెనక్కి రాదు. మావయ్య మైట్రల్ కవాటం కొంచెం కారుతూనే ఉంది. ఏడాదికోసారి చూపించుకోవాలి.

జిమ్ నుంచి వచ్చిన ప్రశ్న

ఇదంతా అయ్యాక ఒకసారి మా కజిన్ వాట్సాప్ చేశాడు. రాజమండ్రిలో జిమ్‌కెళ్తాడు. "అక్కా, మావయ్యకి ఎక్కువైంది గ్రోత్ హార్మోనేనా? మా జిమ్‌లో ఒకడు అదే ఇంజెక్షన్ చేసుకుంటున్నాడు, కటింగ్ బాగా వస్తుందంటున్నాడు" అని.

అదే. పిల్లల్లో ఈ హార్మోన్ లోపం ఉంటే డాక్టర్లు కొలిచి ఇచ్చే మందు అది. అక్కడ దాని పని వేరు, ఆ తల్లిదండ్రులు ఇది చదివి భయపడక్కర్లేదు. జిమ్‌లో సంగతి వేరు. ఆటగాళ్ళ మీద చేసిన పరిశోధనల్లో ఒంట్లో కొవ్వు కాని బరువు పెరిగిందని తేలింది, అందులో మంచి భాగం నీరే. బలం పెరిగిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. వాపులు, కీళ్ళ నొప్పులు, మణికట్టు తిమ్మిర్లు మాత్రం కనిపించాయి. ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ నిషేధించిన జాబితాలోనూ ఉంది. జిమ్ వాళ్ళు దీన్ని స్టెరాయిడ్లతో కలిపి వాడతారు కాబట్టి, గుండె పాడైనప్పుడు దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. గుండెకి ఆ పంపకాలతో పనిలేదు కూడా.

కజిన్‌కి ఇవన్నీ టైప్ చెయ్యలేదు. మావయ్యవి రెండు ఫొటోలు పంపాను. 2013 పెళ్ళిలోది, 2022 ఆపరేషన్‌కి ముందుది. కింద ఎకో రిపోర్టు. నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపటికి "వాడికి చూపిస్తా" అని మాత్రం వచ్చింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా చెప్పుల సైజు మారినా, ఉంగరం బిగిసినా, గురక ఎక్కువైనా, దానికి తోడు చిన్న వయసులోనే బీపీ, షుగర్ ఉన్నా, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత ఫొటోలు తీసుకెళ్ళండి. ఐజీఎఫ్-1 చేయించాలా అని మీరే అడగండి. ఆపరేషన్ అవసరమైతే నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ఏది పథకంలోకి వస్తుందో, ఏది రాదో ముందే కనుక్కోండి. మేం అది ఆలస్యంగా చేశాం.

మొన్న కడియం వెళ్ళాను. మావయ్య ముఖం మెత్తబడింది, కళ్ళ చుట్టూ ఉబ్బు పోయింది. ఎముక మాత్రం తగ్గదు కాబట్టి దవడ అలాగే ఉంది, చెప్పులు పదో నంబరే. నర్సరీలో నీడకింద పీట వేసుకుని మామిడంటు కడుతున్నాడు. వేళ్ళు ఇదివరకంత చురుగ్గా లేవు. ఒక అంటుకి ముడి జారిపోతే విప్పి మళ్ళీ చుట్టాడు. పక్కనున్న కుర్రాడు సాయం చెయ్యబోతే చేత్తోనే వద్దన్నాడు. నేనున్న గంటలో పదకొండు కట్టాడు. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ ఎకో ఉంది.